ఆటిజం ఉన్న వయోజనులు: నల్లగొండ, పాలమూరుల రేపటి లెక్క
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు ఫలకాలకు దూరంగా బతికినవారు. తన పేరు అచ్చులో వేయవద్దని ఇంట్లో చెప్పి వెళ్లారు. నిర్వాహకులు ఆ మాట మన్నిస్తున్నారు, నేనూ మన్నిస్తాను. ఒక్క సంగతి మాత్రం ఈనాటి విషయానికి అవసరం. ఆయన బడిపంతులుగా జనాభా లెక్కలకు ఇల్లిల్లూ తిరిగిన మనిషి. ఒక ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాసుకోవడం ఎంత కష్టమో, రాయకుండా వదిలేసిన మనిషి ఆ తర్వాత ఎంత పూర్తిగా మాయమైపోతాడో ఆయనకు తెలుసు. అందుకే ఈ సభకు లెక్క గురించిన విషయాన్నే ఎంచుకున్నాను.

2045 నాటికి పాత నల్లగొండ, పాలమూరు అని మనం పిలుచుకునే పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆటిజం ఉన్న వయోజనులు ఎంతమంది ఉంటారు, వారి కోసం మనం ఏం సిద్ధం చేయాలి అన్నది ప్రశ్న. భవిష్యత్తు సంఖ్య అనగానే జోస్యం లాగా వినిపిస్తుంది. ఇందులో జోస్యం కొంచెమే. 2045లో ఇరవై అయిదు దాటి ఉండబోయే ప్రతి మనిషీ ఇప్పటికే పుట్టాడు. కొందరు అంగన్‌వాడీలో ఉన్నారు, కొందరు బడిలో, కొందరు ఇంటి వెనక గదిలో ఉన్నారు. ఆ లెక్క వేసేటప్పుడు మనం చూడవలసిన ప్రధానమైన అంకె వారి వయసు కన్నా వారి తల్లుల వయసు అన్నదే నేను చెప్పదలచుకున్న మాట. అక్కడికి చేరేముందు చరిత్రలోకి కొంత వెళ్లాలి.

నిజాం రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. ఆనాటి బ్రిటిష్ ఇండియా పద్ధతిలో వైకల్యాలకు ఒక పట్టిక ఉండేది. పిచ్చివారు, చెవిటి మూగలు, గుడ్డివారు, కుష్ఠురోగులు అని నాలుగు గడులు. మాట రాని పిల్లవాడు మూగల గడిలో పడేవాడు, అర్ధరాత్రి లేచి అరిచే మనిషి పిచ్చివారి గడిలో పడేవాడు. 1931 తర్వాత ఆ పట్టిక కూడా ఆగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక దశాబ్దాల పాటు వికలాంగులను దేశం లెక్కపెట్టలేదు. 1981లో మూడు రకాల వైకల్యాలను అడిగారు, 1991లో మళ్లీ మానేశారు, 2001లో అయిదు రకాలు, 2011లో ఎనిమిది రకాలు అడిగారు. 2011లో దేశం మొత్తంలో 2.68 కోట్ల మంది వికలాంగులని తేలింది. బుద్ధిమాంద్యానికి ఒక గడి ఉంది, మానసిక వ్యాధికి ఒక గడి ఉంది, ఆటిజానికి లేదు. నూట ముప్ఫై ఏళ్ల లెక్కల్లో ఈ మనుషులు ఎప్పుడూ ఉన్నారు, ఎప్పుడూ వేరే పేరు కిందనే ఉన్నారు.

వైద్యంలోనూ ఈ గుర్తింపు కొత్తదే. సోవియట్ రష్యాలో గ్రున్యా సుఖరేవా 1925లో, అమెరికాలో లియో కానర్ 1943లో, వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944లో రాసిన వ్యాసాలు మొదటివి. కానర్ వర్ణించినది పదకొండు మంది పిల్లలను. వారిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో పెరిగి, అక్కడి బ్యాంకులో ఉద్యోగం చేసి, సొంత ఇంట్లో బతికి, 2023లో తొంభై ఏళ్లకు దగ్గరగా కన్నుమూశాడు. చిన్న ఊరు ఒక మనిషిని ఎలా తనలో కలుపుకోగలదో చెప్పడానికి ఈ కథను తరచూ చెబుతారు. ఆ బ్యాంకు ఆయన తల్లి పుట్టింటివారిదన్న సంగతి కూడా కలిపి చెప్పడం న్యాయం.

మన పల్లెలు కూడా తమదైన పద్ధతిలో ఇలాంటివారిని కలుపుకున్నాయని కొందరు అంటారు. అందులో నిజం ఉంది. మాట తక్కువైనా దారి తప్పని పిల్లవాడు మేకల వెంట పోయేవాడు. ఏ బర్రె ఎవరిదో, ఏ బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఎరిగినవాడని ఊరు అతన్ని గుర్తించేది. అయితే అదే పిల్లవాణ్ని దొర ఇంట్లో తిండికి మాత్రమే జీతగాడిగా పెట్టుకున్న చరిత్ర కూడా ఈ నేలదే. వెట్టికి వ్యతిరేకంగా సాయుధంగా లేచిన జిల్లా నల్లగొండ, కాబట్టి పాత ఊరి ఆదరణను తలచుకునేటప్పుడు దాని వెల ఎవరు చెల్లించారో మరచిపోకూడదు. ఇంకొందరిని తల్లులు యాదగిరిగుట్టకు తీసుకుపోయి నలభై రోజులు ప్రదక్షిణలు చేయించారు, జాన్‌పహాడ్ దర్గా దగ్గర మొక్కుకున్నారు. వైద్యం లేని కాలంలో ఆ గుట్టా ఆ దర్గా కనీసం ఒక పని చేశాయి. అటువంటి బిడ్డ తనకొక్కదానికే లేడని ఆ తల్లికి అక్కడ తెలిసివచ్చేది.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన మరొక అనుభవం గుర్తుచేయాలి. ఫ్లోరైడ్ గురించి నల్లగొండకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల కోసం ఈ జిల్లా ఎంత పోరాడిందో మీకు తెలుసు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నంతో నీళ్లను శుద్ధిచేసే పద్ధతిని రూపొందిస్తే దానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు నిలిచింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నియోజకవర్గం నుంచి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి ఆ రోజు ఒక సంఖ్యనే నీళ్ల పోరాటానికి ఆయుధంగా మలిచింది. చివరికి కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ కింద ఇంటింటికీ నల్లా వచ్చింది. ఇవాళ పుడుతున్న పిల్లల ఎముకలు వంగడం లేదు.

అది మహత్తరమైన విజయం. ఆ విజయంలో వెనకబడినవారు ఎవరంటే, నీళ్లు రాకముందే ఎముకలు వంగిపోయినవారు. వారికి నల్లా నీళ్లు అప్పటికే ఆలస్యం. మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశల స్వామి ఈ జిల్లా బాధకు ముఖంగా నిలిచి, 2023 జనవరిలో కన్నుమూశారు. ప్రభుత్వాలు రాబోయే తరాన్ని కాపాడే పనిని ఎంతో కొంత చేస్తాయి. అప్పటికే పెద్దవారైనవారిని చూసుకునే పని ఇంటివాళ్ల మీద పడుతుంది. ఆటిజం విషయంలో మనం సరిగ్గా ఈ దారినే పోతున్నాం. ఆటిజాన్ని ఫ్లోరోసిస్‌తో పోల్చడం లేదు. ఆటిజం నీళ్ల వల్ల వచ్చేది కాదు, నివారించవలసిన రోగమూ కాదు. ప్రభుత్వ యంత్రాంగం అలవాటు మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఆ అలవాటు ఎలా ఉందో చూడండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలను పరీక్షిస్తుంది, ఎదుగుదల లోపాలున్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతుంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అవి బడి వయసు పిల్లలకు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా నూరు కిలోమీటర్ల దూరంలో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. ఆటిజాన్ని కొలిచే భారతీయ కొలమానం, నలభై ప్రశ్నల పత్రం, అక్కడే తయారైంది. ఇవన్నీ మంచివే. అయితే అన్నీ చిన్నపిల్లల వైపే చూస్తున్నాయి. పద్దెనిమిదో పుట్టినరోజు మర్నాడు ఆ యువకుడు పొద్దున లేచి ఎక్కడికి పోవాలి? అక్కడ మిగిలేది పింఛను ఒక్కటే. ఆసరా పథకాన్ని 2014 నవంబరు 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులోనే ప్రారంభించారు. వికలాంగుల పింఛను నెలకు 1,500తో మొదలై 3,016 అయి, 2023లో 4,016కు చేరింది. ఆ డబ్బు ఇంటికి ఆసరాయే. పగలంతా ఎవరు వెంట ఉండాలన్న ప్రశ్నకు అది జవాబు కాలేదు.

చట్టం ఆలస్యంగానైనా వచ్చింది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం మొదటిసారి ఆ పేరు రాసింది. 2016 చట్టం ఇరవై ఒక్క రకాల్లో ఒకటిగా చేర్చింది, అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఆటిజం అని ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని కేంద్రం ఖరారు చేసింది కూడా 2016లోనే. అంటే ఈ సభలో ముప్ఫై ఏళ్ల కొడుకుతో కూర్చున్న తల్లి వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి వెళ్లిన రోజున ఆ పేరుతో ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటే లేదు. ఆమె పెట్టెలో ఉన్న కాగితం మీద బుద్ధిమాంద్యం అనే ఉంటుంది. ఇవాళ ప్రభుత్వ రికార్డుల్లో ఆటిజం ఉన్నవారు దాదాపు అందరూ చిన్నపిల్లలుగానే కనబడటానికి కారణం ఇదే. ఆ సంఖ్యను ముందుపెట్టుకుని ప్రణాళిక రాస్తే వయోజనుల అంకె సున్నాకు దగ్గరగా వస్తుంది.

ఇంగ్లండ్‌లోనూ ఇదే సందేహం వచ్చింది. పిల్లల్లోనే ఇంతమంది ఉంటే ముసలివాళ్లలో ఎందుకు లేరు అని. 2007లో ఇళ్లకు వెళ్లి వయోజనులను పరీక్షించి చూస్తే నూటికి ఒకరు చొప్పున తేలారు. వయసు పెరిగినకొద్దీ ఆ పాలు తగ్గలేదు. దాదాపు వారందరూ అప్పటిదాకా ఎవరూ గుర్తించనివారు. 2009లో ఆటిజం చట్టం తెచ్చి, తమ ప్రాంతంలో ఉన్న వయోజనుల సంఖ్యను అంచనా కట్టి ప్రణాళిక వేసుకునే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టారు. మనం తీసుకోవలసినది ఆ స్థానిక సంస్థ అన్న భాగాన్ని. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో తయారైన అంకె మక్తల్‌లోని ఒక ఇంటి తలుపు తట్టలేదు.

ఇక లెక్క వేద్దాం. 2045 జనాభా మన చేతిలో లేదు కనుక 2011 అంకెలతోనే కొలుద్దాం. 2011లో నల్లగొండ జనాభా 34,88,809. మహబూబ్‌నగర్ జనాభా 40,53,028. కలిపితే 75 లక్షల పైచిలుకు. మూడింట రెండు వంతులు వయోజనులనుకుంటే 50 లక్షలు. ఆటిజం పాలు ఎంత? హిమాచల్ ప్రదేశ్‌లో ఇంటింటి పరిశీలనలు వెయ్యి మంది పిల్లల్లో ఒకరు అటూఇటూ అన్నాయి. హైదరాబాద్‌తో సహా దేశంలో అయిదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం నూటికి ఒకరు అటూఇటూ అంది. మొదటి పాలు తీసుకుంటే మన రెండు జిల్లాల్లో 5,000 మంది వయోజనులు, రెండోది తీసుకుంటే 50,000. పదిరెట్ల తేడా ఉన్న లెక్కను చూసి అధికారులు ఫైలు మూసేయవచ్చు. మూయవద్దని నా వాదన. తక్కువ అంకెనే పట్టుకుందాం.

ఆ 5,000 మందిలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూ, కొంచెం సాయంతో బతకగలరు. రోజంతా ఒక మనిషి తోడు అవసరమయ్యేవారు ఎందరు? మాట రానివారు, రెండు మూడు మాటల దగ్గరే ఆగిపోయినవారు, బుద్ధి వికాసం బాగా తక్కువగా ఉన్నవారు కలిసి పావు వంతు పైచిలుకు అని అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల మీద 2023లో వచ్చిన లెక్క చెబుతోంది. మన దగ్గర అది 1,250 మంది. వెయ్యికి ఒకరన్న అంచనాలో దొరికేది ఎక్కువగా తీవ్రంగా ఉన్నవారే కనుక పావు వంతు అనుకోవడం నిజానికి తగ్గించి చెప్పడమే. పాత నల్లగొండలో 59 మండలాలు, పాత మహబూబ్‌నగర్‌లో 64. మొత్తం 123. మండలానికి పదిమంది.

ఎంత తగ్గించి చూసినా ప్రతి మండలంలో పదిమంది. ఒక తహసీల్దారు, ఒక ఎంపీడీవో, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు కూర్చుని పేరుపేరునా తెలుసుకోగలిగిన సంఖ్య ఇది. లక్షల అంకె అయితే చేతులెత్తేయవచ్చు. పదిమందిని తెలుసుకోలేమని ఎవరూ అనలేరు.

ఆ పదిమందిని వెతికేటప్పుడు పాలమూరు సంగతి వేరుగా ఆలోచించాలి. తరాల నుంచి ఈ జిల్లా మనుషులు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాల్వలు తవ్వారు, ముంబై, పుణె నగరాల్లో మేడలు లేపారు. వలస పోయే దంపతులు మాట్లాడని బిడ్డను ఏం చేస్తారు? రెండే దారులు. వెంట తీసుకుపోతే సదరం శిబిరం నాడు ఆ బిడ్డ ఊళ్లో ఉండడు, భవిత కేంద్రం రిజిస్టరులో పేరు ఉండదు. వదిలిపోతే అవ్వ దగ్గర ఉంటాడు. అప్పుడు మనం లెక్కవేయవలసింది అవ్వ వయసు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు ముంబై, భివండీల నుంచి కూలీలు బస్సులెక్కి ఊళ్లకు తిరిగివచ్చారు. పేరు రాయించుకోకపోతే తమకు ఏదీ దక్కదని జనానికి బాగా తెలుసు. సంకోచం ఉన్నది లెక్కపెట్టించుకునేవాళ్లలో కన్నా లెక్కపెట్టేవాళ్లలోనే ఎక్కువ.

ఇప్పుడు తల్లుల వయసుకు వస్తాను. మన వైపు ఆడపిల్లకు పెళ్లి తొందరగా చేస్తారు. ఇరవై ఏళ్లకు తల్లి అయినదనుకుందాం. 2005లో పుట్టిన కొడుకు 2045లో నలభై ఏళ్లవాడు, ఆమెకు అరవై. అప్పటికి ఆమె మోకాళ్లు సహకరించవు. ఆరడుగుల మగమనిషి కోపంతో తల గోడకు కొట్టుకుంటుంటే ఆపే బలం ఆమెకు ఉండదు. ఆటిజం ఉన్నవారు సగటున చాలా ముందుగానే చనిపోతున్నారని స్వీడన్‌లో 2016లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది, మూర్ఛ అందుకు ఒక కారణం. అయినా తల్లి తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లు బతికేవారు ఉంటారు. ఆ ఏళ్లు ఎవరి చేతుల్లో? పాత రోజుల్లో అయిదారుగురు అన్నదమ్ములుండేవారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. ఒక చెల్లెలు ఉంటుంది, ఆమె మెట్టినింట్లో ఉంటుంది, లేదా హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటుంది. కుటుంబం చూసుకుంటుందనే ఊహ మీద నడుస్తున్న మన ప్రభుత్వాలకు ఆ కుటుంబం ఎంత చిన్నదైపోయిందో ఇంకా పట్టలేదు.

అందువల్ల మండలానికి ఒక పట్టిక కావాలంటాను. అందులో మనిషి పేరు, వయసు, ధ్రువపత్రం రకంతో పాటు చూసుకునే మనిషి పుట్టిన సంవత్సరం ఉండాలి. ఆమె తర్వాత ఎవరు అన్న గడి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్న ఇళ్లు ఏవో, చూసుకునే మనిషి యాభై అయిదు దాటిన ఇళ్లు ఏవో తెలిస్తే, ఏ సంవత్సరంలో ఏ మండలంలో ఎన్ని పడకలు కావాలో దానంతట అదే తేలుతుంది.

ఈ పట్టిక ఉంచడానికి చట్టంలో చోటు ఇప్పటికే ఉంది. నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు ముఖ్యుడుగా స్థానిక స్థాయి కమిటీ ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులైనా చట్టరీత్యా సంరక్షకులుగా ఉండాలంటే ఆ కమిటీ నియమించాలి. బ్యాంకు ఖాతా దగ్గరో భూమి పట్టా దగ్గరో చిక్కు వచ్చేదాకా ఈ సంగతి చాలా ఇళ్లకు తెలియదు. పాత మహబూబ్‌నగర్ ఇప్పుడు అయిదు జిల్లాలు, పాత నల్లగొండ మూడు. కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాద్‌ల వైపు పోయాయి. జిల్లాలు చిన్నవి కావడం వల్ల కలెక్టరు దగ్గరయ్యాడు, మేలే. ఈ కమిటీలు సంరక్షక దరఖాస్తులు వచ్చినప్పుడు మాత్రమే కూర్చునే బదులు ఏడాదికొకసారి ఈ పట్టికను ముందుపెట్టుకుని కూర్చోవాలి.

పని గురించి రెండు మాటలు. పోచంపల్లి, నారాయణపేట, గద్వాల మగ్గాల నేల ఇది. కండెలు చుట్టడం, రంగుల వరస చూసి నూలు వేరుచేయడం వంటి పనుల్లో ఒకే క్రమం మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ క్రమమే కొందరికి ఊరట. అందరికీ కాదు, ఇష్టంలేని చేతుల్లో కండె పెట్టడం మరో రకం వెట్టి అవుతుంది. ఆసు పోసి పోసి భుజాలు పడిపోయిన తల్లి కష్టం చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం పుట్టింది పాత నల్లగొండ జిల్లాలోనే. మనిషి చేతికి తగ్గట్టు పనిని మార్చడం ఇక్కడివాళ్లకు తెలుసు.

నివాసాల విషయంలో పెద్ద భవనాల మీద నాకు నమ్మకం తక్కువ. రెండు వందల మందిని ఒకే ప్రాంగణంలో పెట్టినచోట మనుషులు పడకల సంఖ్యలుగా మారిపోతారు. మండలానికి పదిమంది అన్న లెక్కే వేరే రూపాన్ని సూచిస్తోంది. అయిదారుగురు ఉండే ఇల్లు, ఎరిగిన ఊళ్లో, ఎరిగిన భాషలో, లంబాడా తండా దగ్గరైతే ఆ భాషలో, తల్లి బతికుండగానే వారానికి రెండు రాత్రులు అక్కడ పడుకోవడం అలవాటు చేసే ఇల్లు. మార్పును తట్టుకోలేని మనిషిని తల్లి పోయిన పదో రోజున కొత్త చోటికి తరలిస్తే ఏమవుతుందో ఈ సభలోని తల్లిదండ్రులకు నేను చెప్పనక్కర్లేదు. భవిత కేంద్రాల గదులు మధ్యాహ్నం తర్వాత, సెలవుల్లో ఖాళీగా ఉన్నచోట పగటి కేంద్రాలను వాటితోనే మొదలుపెట్టవచ్చు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వాటి మానసిక వైద్య విభాగాలు నెలకొకసారి మండల కేంద్రానికి వస్తే పాత బుద్ధిమాంద్యం ధ్రువపత్రాలను మళ్లీ పరిశీలించవచ్చు.

2027 మార్చి 1 తేదీని ఆధారంగా తీసుకుని జనగణన జరగబోతోంది. ఎన్యూమరేటర్లుగా ఇల్లిల్లూ తిరిగేది ఈ సభలోని ఉపాధ్యాయులే. దేశం రాసే ఫారంలో ఏ గడులుంటాయన్నది మన చేతిలో లేదు. మర్రిగూడ, దేవరకొండ, మక్తల్, కోస్గి వంటి నాలుగు మండలాల్లో పంచాయతీ కార్యదర్శి, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు కలిసి నేను చెప్పిన పట్టికను రాయడం మన చేతిలో ఉంది. ఆ నాలుగింటిలో మండలానికి పదిమంది తేలతారో, ముప్ఫైమంది తేలతారో చూసి మిగిలిన మండలాల అంచనా సవరించుకుందాం. వచ్చే ఏడాది ఇదే వేదిక మీద మాట్లాడబోయేవారు ఆ నాలుగు పట్టికలు చేతిలో పట్టుకుని మొదలుపెట్టేలా చూడమని నిర్వాహకులను కోరుతున్నాను.